శ్రీకాకుళం, విజయనగరం వైపు మంచి కౌన్సిలర్‌ని ఎలా వెతుక్కోవాలి

మనసు బాగోలేదు, ఎవరికైనా చూపించుకోవాలి అనుకున్న రోజే మన వైపు మనిషికి రెండు టెన్షన్లు పట్టుకుంటాయి. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని ఒకటి, అసలు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక ఇంకొకటి. శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ చుట్టూ తిరిగినా, విజయనగరంలో గంటస్తంభం చుట్టూ తిరిగినా ఎముకల డాక్టర్లు, పిల్లల డాక్టర్లు, స్కానింగ్ సెంటర్ల బోర్డులే ఎక్కువ. మనసుకి సంబంధించిన బోర్డులు తక్కువ, ఆ ఉన్నవాటిలో ఎవరు ఏం చదివారో, ఎవరు ఏం చేయగలరో బోర్డు చూసి చెప్పలేం.

నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్తాను. పిల్లల అమ్మానాన్నలు, చుట్టాలు, ఇరుగుపొరుగు, ఎవరో ఒకరు "మంచి కౌన్సిలర్ ఉంటే చెప్పండి మేడమ్" అని అడుగుతూనే ఉంటారు. ఒకరికి కుదిరినవాళ్లు ఇంకొకరికి కుదరరు కాబట్టి పేరు చెప్పను. ఎలా వెతకాలో, ఏం అడగాలో, ఏం గమనించాలో చెప్తాను. అన్నిటికన్నా ముందు ఒక మాట: అడగడానికి మొహమాటపడకండి. పాతికవేల ఫోన్ కొనేటప్పుడు షాపువాణ్ణి పది ప్రశ్నలు అడుగుతాం, మన పిల్లని తీసుకెళ్లి ఒకరి ముందు కూర్చోబెట్టేటప్పుడు మాత్రం "మీరేం చదివారండీ" అని అడగడానికి నోరు రాదు. అడిగితే ఏమనుకుంటారో అని. మంచివాళ్లు ఏమీ అనుకోరు, అనుకున్నారంటే అక్కడే మీకు సగం జవాబు దొరికినట్టు.

ప్రాణం మీదకి వచ్చిందా? అయితే వెతకడం తర్వాత

ఇంట్లో ఎవరైనా చచ్చిపోతానని అంటున్నా, వీడ్కోలు చెప్తున్నట్టు మాట్లాడుతున్నా, చేతులు కోసుకుంటున్నా, అది కౌన్సిలర్‌ని ఎంచుకునే సమయం కాదు. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా మింగి ఉంటే 108, లేదంటే దొరికిన బండి మీద శ్రీకాకుళం రిమ్స్‌కో విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రికో నేరుగా అత్యవసర విభాగానికి. మనవి వ్యవసాయం ఇళ్లు, పశువులపాకలోనో మంచం కిందో పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు ఉంటాయి. ఆ రోజే వాటిని ఇంట్లోంచి తీసి వేరే ఊళ్లో అన్నదమ్ముల ఇంట్లో పెట్టించండి. ఆ క్షణంలో చేతికి అందకపోవడమే చాలామందిని బతికిస్తుంది.

చాలా కుటుంబాలు పోలీసు కేసు భయంతో డాక్టరుకి "పొరపాటున తాగేసింది" అని అబద్ధం చెప్తాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆసుపత్రివాళ్లు కేసుగా రాసుకోవడం వాళ్ల పద్ధతి, దానికి భయపడి ఏం తాగారో దాచొద్దు. ఏం తాగారో, ఎప్పుడు తాగారో తెలిస్తేనే వైద్యం సరిగ్గా నడుస్తుంది. వీలైతే డబ్బా కూడా పట్టుకెళ్లండి.

మొదటి అడుగు: కష్టం ఏమిటో ఒక కాగితం మీద రాసుకోండి

మన వైపు మనసులో బాధ మనసు పేరుతో బయటకు రాదు, ఒంటి పేరుతో వస్తుంది. "గుండెల్లో ఏటో అయిపోతంది", "తల బరువు", "ఒల్లంతా లాగేస్తంది", "నీరసం". ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఒక సెలైన్ పెట్టి, బలం ఇంజక్షన్ ఇచ్చి పంపేస్తాడు, వారం బాగుంటుంది, మళ్లీ మొదలు. ఇలా నెలలు గడిచిపోతాయి.

కాబట్టి కాగితం తీసి రాయండి. ఎప్పటి నుంచి? నిద్ర ఎన్ని గంటలు, మధ్యలో లేస్తున్నారా? తిండి తగ్గిందా, పెరిగిందా? ఇదివరకు ఇష్టంగా చేసే పని ఏది మానేశారు? మందు, గుట్కా, నిద్రమాత్రలు ఏమైనా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా? దీనికి ముందు ఏమైనా జరిగిందా, అప్పు, చావు, పరీక్ష, పెళ్లి, కాన్పు? ఈ కాగితం మొదటి రోజు మీకు చాలా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ కూర్చున్నాక సగం విషయాలు గుర్తుకు రావు.

దీంతోపాటు మామూలు డాక్టరు దగ్గర థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బి12 చూపించుకోండి. థైరాయిడ్ తగ్గినా రక్తం తక్కువైనా అచ్చం డిప్రెషన్‌లాగే మనిషి కుంగిపోయి కనిపిస్తాడు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఉన్నవాళ్లయితే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా. అక్కడ నీరసం కిడ్నీ వల్లా కావచ్చు, కిడ్నీ భయం వల్లా కావచ్చు, రెండూ కలిసీ కావచ్చు. డయాలసిస్‌కి తిరుగుతున్న మనిషినీ, ఆ మనిషిని తిప్పుతున్న భార్యనీ "ధైర్యంగా ఉండండి" అని పంపేయడం చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్లిద్దరికీ మాట్లాడే మనిషి కావాలి.

రెండో అడుగు: ఎవరు ఏం చేస్తారో తెలుసుకోండి

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, ఆ పైన సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ, లేదా డీపీఎం చేసినవాళ్లు. జబ్బు ఏమిటో తేల్చి మాత్రలు రాస్తారు. లేని గొంతులు వినిపించడం, ఎవరో కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మడం, వారం రోజులు నిద్ర లేకుండా హుషారుగా తిరిగి డబ్బులు తగలేయడం, మంచం దిగలేనంత డిప్రెషన్, వీటికి ముందు వీళ్లే. ఇలాంటివాటికి మాత్రలు లేకుండా మాటలతో నయం చేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. రోజూ తాగేవాళ్లు కూడా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఏళ్ల తరబడి తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. మందు, డ్రగ్స్ మాన్పించడం గురించి అడగడానికి 14446 అని వేరే నంబరు ఉంది.

క్లినికల్ సైకాలజిస్ట్ మాత్రలు రాయరు, రాయకూడదు కూడా. పరీక్షలు పెట్టి సమస్య ఏమిటో చూస్తారు, థెరపీ, అంటే మాటలతో చేసే వైద్యం, చేస్తారు. ఇప్పటిదాకా వీళ్లలో ఎక్కువమంది క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎం.ఫిల్ చేసినవాళ్లే. ఆ పేరు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐలో రిజిస్టర్ అయి ఉండాలి. పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం), ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం), మనసుకి తగిలిన పాత గాయాలు, ఏళ్ల తరబడి ఉన్న ఆందోళన, పిల్లల్లో చదువు ఎక్కని సమస్యలు వీళ్లు బాగా చూస్తారు.

కౌన్సిలర్ అనే మాటకి మాత్రం అంత గట్టి కంచె లేదు. ఎంఏ, ఎమ్మెస్సీ సైకాలజీ చదివి, శిక్షణ తీసుకుని చక్కగా పనిచేసేవాళ్లున్నారు, నాలుగు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం సైకాలజిస్టులను, కౌన్సిలర్లను కూడా రిజిస్టర్ కిందకి తేవాలని చెప్పింది. అది పూర్తిగా నడిచేదాకా మన జాగ్రత్తలో మనం ఉండాలి. చదువు ఒత్తిడి, పెళ్లి గొడవలు, దగ్గరివాళ్లు పోయిన దుఃఖం, ఉద్యోగం పోయిన బాధ లాంటి వాటికి మంచి కౌన్సిలర్ సరిపోతారు.

మోటివేషన్ స్పీచ్‌లు ఇచ్చేవాళ్లు, మైండ్ పవర్ క్లాసులవాళ్లు, జాతకం చూసి కౌన్సిలింగ్ చేసేవాళ్లు ఈ లెక్కలోకి రారు. పేరు ముందు "డా." ఉన్నంత మాత్రాన డాక్టరు కాదు, పీహెచ్‌డీ అయినా ఉంటుంది, డబ్బులిచ్చి తెచ్చుకున్న గౌరవ బిరుదు అయినా ఉంటుంది. ఏ డిగ్రీ, ఎక్కడ, ఏ సంవత్సరం అని అడగండి.

ఇక గాలి సోకిందనో చిల్లంగి పెట్టారనో భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం మన ఊళ్లలో ఇంకా ఉంది. అరసవల్లి వెళ్లి మొక్కుకోండి, పైడితల్లమ్మకి దండం పెట్టుకోండి, దానికీ వైద్యానికీ ఏ గొడవా లేదు. కొట్టడం, వాతలు పెట్టడం, తిండి మాన్పించడం, గొలుసులతో కట్టేయడం మాత్రం ఏ పేరుతోనూ ఒప్పుకోవద్దు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని ఇందాక చెప్పిన 2017 చట్టమే నిషేధించింది.

మూడో అడుగు: ఎక్కడ వెతకాలి

శ్రీకాకుళం రిమ్స్‌లో, విజయనగరంలో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ అడగండి. ప్రైవేటు వైద్య కళాశాలలు నెల్లిమర్లలో మిమ్స్, రాగోలులో జెమ్స్ ఉన్నాయి. విశాఖ వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని పేరెత్తితేనే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు, "పిచ్చాసుపత్రా" అంటారు. ఓపీకి వెళ్లి మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేసేవాళ్లు అక్కడ బోలెడంత మంది.

14416 అత్యవసరానికే అనుకోవద్దు. దగ్గర్లో ప్రభుత్వం తరఫున ఎవరున్నారో వాళ్లనే అడగండి. భర్త కొడుతున్నాడు, అత్తింట్లో హింస అంటే 181, జిల్లాలో సఖి వన్‌స్టాప్ సెంటర్ ఉంటుంది, కౌన్సిలింగూ ఉంటుంది, చట్టపరమైన సాయమూ ఉంటుంది. పిల్లల విషయమైతే 1098.

చుట్టాలను అడిగేటప్పుడు "ఎవరు బాగా చూస్తారు" అని కాకుండా "ఇలాంటి సమస్యకి ఎవరు చూశారు, వెళ్లాక ఏం మారింది" అని అడగండి. ఫోన్‌లో స్టార్లు, మెచ్చుకోళ్లు చూసి నిర్ణయించుకోకండి. మనసు సమస్య నయమైనవాళ్లు ఎక్కువమంది పేరు పెట్టి రాయరు.

నాలుగో అడుగు: రిజిస్ట్రేషన్ చూడండి

ఇది పది నిమిషాల పని. సైకియాట్రిస్ట్ అయితే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ నంబరు ఉంటుంది, చీటీ మీద కూడా అచ్చేసి ఉండాలి, నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడొచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ సైట్‌లో సీఆర్‌ఆర్ నంబరుతో, అంటే ఆర్‌సీఐ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరుతో, చూడొచ్చు. కౌన్సిలర్ అయితే ఏ యూనివర్సిటీలో చదివారు, ఎవరి కింద ఎన్నాళ్లు పనిచేశారు, కష్టమైన కేసు వస్తే ఎవరిని సలహా అడుగుతారు, ఏ సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు అని అడగండి. ఆఖరి ప్రశ్నకి గబుక్కున ఒక పేరు చెప్పగలిగితే అది మంచి గుర్తు. "నాకు ఆ అవసరం రాదు" అంటే జాగ్రత్త.

ఐదో అడుగు: వెళ్లేముందు ఫోన్ చేయండి

ఐదు నిమిషాల ఫోన్ ఒక రోజు ప్రయాణాన్ని ఆదా చేస్తుంది. ఇలా అడగొచ్చు:

"నమస్తే మేడమ్. మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు. నాలుగు నెలలుగా గుండె దడ అని బయటకు రావడం మానేసింది, కాలేజీకి వెళ్లడం లేదు. ఇలాంటివి మీరు చూస్తారా? మీరేం చదివారు, రిజిస్ట్రేషన్ నంబరు చెప్తారా? ఎంతసేపు మాట్లాడతారు, ఫీజు ఎంత?"

ఒకరి దగ్గర్నుంచి ఇలా జవాబు వస్తుంది: "చూస్తానమ్మా. ఎం.ఫిల్ చేశాను, నంబరు వాట్సాప్‌లో పెడతాను. మొదటిసారి గంట పడుతుంది. ముందు అమ్మాయితో విడిగా మాట్లాడతాను, తర్వాత మీతో. గుండె డాక్టరుకి ఒకసారి చూపించారా? అమ్మాయికి ఇష్టమయ్యే వస్తోందా?"

ఇంకొకరి దగ్గర్నుంచి ఇలా: "తీసుకొచ్చేయండి. మూడు సిట్టింగుల్లో నార్మల్ చేసేస్తాం. ప్యాకేజీ ఉంది, ముందు కడితే డిస్కౌంటు."

మొదటావిడ అడిగిన రెండు ప్రశ్నలూ చూడండి. గుండె సంగతి తేల్చుకున్నాకే మనసు సంగతి మొదలుపెట్టాలని ఆవిడకు తెలుసు, అమ్మాయి ఇష్టం లేకుండా ఈ పని నడవదనీ తెలుసు. రెండో ఆయన పిల్ల గురించి ఒక్క మాట కూడా అడగలేదు. మనసు విషయంలో గ్యారంటీ ఇచ్చేవాళ్లని నమ్మొద్దు.

ఆరో అడుగు: మొదటి రోజు ఏం గమనించాలి

లోపలికి వెళ్లకముందే గమనించడం మొదలుపెట్టండి. నేను ఒక బంధువుకి తోడు వెళ్లిన ఒక చోట, పేరు అనవసరం, బయట కూర్చున్న అమ్మాయి రిజిస్టరు చూసి "నిద్రమాత్రల కేసు ఎవరండీ, రండి" అని గట్టిగా పిలిచింది. బెంచీ మీద పదిమంది ఉన్నారు, అందులో ఒకాయన మా వీధివాడే. మా బంధువు లేవలేదు. తలవంచుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఇంటికెల్పోదాం అప్పా" అంది నెమ్మదిగా. లోపల డాక్టరు ఎంత మంచివారైనా గుమ్మం దగ్గరే మనిషి మూసుకుపోతే ఇంకేం ఉపయోగం? పేరుతోనో టోకెన్ నంబరుతోనో పిలవాలి. లోపలి మాటలు బయటకు వినపడకూడదు. తలుపు తీసుకుని ఎవరు పడితే వాళ్లు లోపలికి వచ్చేయకూడదు.

లోపలికి వెళ్లాక, బాధ ఉన్న మనిషిని అడుగుతున్నారా, తోడొచ్చినవాళ్లని అడుగుతున్నారా అన్నది చూడండి. మన ఇళ్లలో భార్యకి బాగోలేకపోతే భర్త చెప్తాడు, కోడలికి బాగోలేకపోతే అత్తగారు చెప్తుంది, పిల్లాడికి బాగోలేకపోతే మేనమామ చెప్తాడు. "ఈవిడ ఊరికే ఏడుస్తుందండీ, పని తప్పించుకోడానికి." మంచి కౌన్సిలర్ మర్యాదగా వాళ్లని బయట కూర్చోమంటారు, కనీసం సగం సమయమైనా ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడతారు. ఆ పని చేయనివాళ్లకి అసలు విషయం ఎప్పటికీ తెలియదు.

వినే తీరు చూడండి. మీరు మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే సలహా మొదలైతే అది కౌన్సిలింగ్ కాదు, అది మన పెద్దనాన్న ఇంట్లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి రోజు ప్రశ్నలే ఎక్కువ ఉండాలి: నిద్ర, తిండి, తాగుడు, ఇంట్లో ఎవరెవరు, ఇదివరకు ఏ వైద్యం చేయించారు, ఏ మాత్రలు వాడుతున్నారు. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా" అని నేరుగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తారేమో అని తల్లిదండ్రులు భయపడతారు. పుట్టదు, అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

భాష కూడా చిన్న విషయం కాదు. మనం "ఏటి", "నాను", "గుంట" అని మాట్లాడతాం, కష్టంలో ఉన్నప్పుడు మరీను. ఎదుటివాళ్లు ఆ యాసకి నవ్వినా, సరిదిద్దినా, అర్థం కాక ప్రతిదీ మళ్లీ చెప్పించుకున్నా మనసు విప్పలేం. ఇచ్ఛాపురం వైపు ఒడియాలోనే ఏడుపు వచ్చేవాళ్లుంటారు, వాళ్లు ఒడియా తెలిసినవాళ్లు కావాలని అడగడంలో తప్పులేదు. ఆడవాళ్లు ఆడ కౌన్సిలర్ కావాలని అడగొచ్చు. "మీరేటోల్లు" అని కులం ఆరా తీసి దాన్నిబట్టి తీరు మార్చేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లొద్దు.

తీర్పులు చెప్పేవాళ్లూ ఉన్నారు. కులాంతర ప్రేమ అంటే తలకాయ ఊపేవాళ్లు, విడాకుల మాటెత్తగానే "ఆడది సర్దుకుపోవాలమ్మా" అనేవాళ్లు. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషిని భర్త పక్కన కూర్చోబెట్టి "మీ వైపు తప్పేంటి" అని అడిగితే ఆ సాయంత్రం ఇంటికెళ్లాక ఆమెకి ఏం జరుగుతుందో ఊహించుకోండి. హింస ఉన్నచోట జంటగా కౌన్సిలింగ్ కన్నా ముందు ఆమె భద్రత చూడాలి. అలాగే మగపిల్లాడు మగవాళ్లని ఇష్టపడుతున్నాడని తీసుకెళ్తే "మార్చేస్తాం" అనేవాళ్ల దగ్గర్నుంచి వెంటనే పిల్లాడిని తీసుకొచ్చేయండి. అలాంటి మార్పిడి చికిత్స వైద్యుల వృత్తి నియమాలకు విరుద్ధమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది.

ఏడో అడుగు: గుట్టు సంగతి తేల్చుకోండి

చిన్న ఊళ్లు మనవి. కౌన్సిలర్ భార్య మన అమ్మాయి స్కూల్లో టీచరు అయ్యుండొచ్చు, ఆయన తమ్ముడు మన బ్యాంకులో ఉండొచ్చు. పెళ్లి సంబంధం తప్పిపోతుందేమో అన్న భయం ఊరికే పుట్టినది కాదు, తప్పిపోయిన ఇళ్లు నాకు తెలుసు. అందుకే మొదటి రోజే మొహమాటం లేకుండా అడగండి: "నేను చెప్పినవి ఎక్కడ రాసుకుంటారు? ఎవరు చూస్తారు? మా ఇంట్లోవాళ్లు ఫోన్ చేసి అడిగితే ఏం చెప్తారు? బజార్లో కనిపిస్తే పలకరిస్తారా?" ఆఖరి ప్రశ్నకి మంచి జవాబు, "మీరు పలకరిస్తేనే పలకరిస్తాను" అని.

గుట్టుగా ఉంచాలన్నది ఆ 2017 చట్టంలోనే ఉంది, 23వ సెక్షన్. దానికి మినహాయింపులూ ఉన్నాయి, అవి కూడా ముందే చెప్పేవాళ్లే మంచివాళ్లు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే చెప్తారు, కోర్టు అడిగితే చెప్తారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయాల్సిందే, దాచడం నేరం. పందొమ్మిదేళ్ల పిల్ల చెప్పింది మాత్రం ఆమె ఒప్పుకోకుండా అమ్మానాన్నలకు చెప్పకూడదు. "ఫీజు కట్టింది మేమే కదా" అని నా దగ్గర వాదించిన తండ్రులున్నారు. కట్టింది మీరే, కానీ ఆ అమ్మాయి నోరు విప్పేది ఆ మాట బయటకు రాదన్న నమ్మకం మీదే.

మరీ దగ్గరివాళ్ల దగ్గరికి, అంటే చుట్టాలు, ఇంటి ఓనరు, అదే కాలేజీలో పనిచేసేవాళ్ల దగ్గరికి కౌన్సిలింగ్‌కి వెళ్లొద్దు. ఊరు చిన్నదైతే శ్రీకాకుళంవాళ్లు విజయనగరం, విజయనగరంవాళ్లు విశాఖ చూసుకోవడం మంచి పద్ధతే.

ఎనిమిదో అడుగు: డబ్బు, దూరం

విజయనగరం నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి సుమారు 100. సెషన్‌కి 800 అనుకుందాం, వారానికొకటి అంటే నెలకి 3,200, దానికి చార్జీలు, పోయిన కూలి కలపండి. మొదట్లో ఉత్సాహంగా వెళ్లి, రెండో నెల డబ్బుల్లేక మానేసి, "నాకు నయం కాదు" అనుకునేవాళ్లు చాలామంది. అందుకే మొదటి రోజే అడగండి: ఎన్ని సెషన్లు పట్టొచ్చు, ఎన్నాళ్లకొకసారి, తక్కువ ఫీజుకి వీలుందా? ఆందోళన, డిప్రెషన్ లాంటి వాటికి ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే పద్ధతి మామూలుగా ఆరు నుంచి ఇరవై సెషన్ల దాకా నడుస్తుంది, కాబట్టి "ఐదేళ్లు పడుతుంది" అన్నా, "ఒక్కసారికే" అన్నా ఎందుకో అడగాలి.

నాకు తెలిసినంతలో మనవాళ్లకి బాగా కుదిరే పద్ధతి ఇది. మాత్రలు అవసరమైతే ప్రభుత్వ ఓపీలో, థెరపీ ఆన్‌లైన్‌లో. ప్రభుత్వ ఓపీలో రద్దీ ఎక్కువ, అరగంట మాట్లాడే తీరిక డాక్టరుకి ఉండదు, కానీ జబ్బు తేల్చి మందులు ఇస్తారు. ఆన్‌లైన్‌లో అయితే దూరం బాధ తప్పుతుంది. చెన్నైలోనో గుజరాత్‌లోనో పనికి వెళ్లిన మనవాళ్లకి కూడా తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతారు. రెండు గదుల ఇంట్లో గోడ అవతల అత్తగారు ఉంటే మాత్రం ఆన్‌లైన్ పనిచేయదు. మేడ మీదకో, పొలం గట్టుకో, స్నేహితురాలి ఇంటికో వెళ్లి మాట్లాడాలి, సిగ్నల్ ఎలా ఉంటుందో ముందే చూసుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే ఏజెంటుని అడగండి. మానసిక జబ్బుకి కూడా ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే ఇవ్వాలని చట్టం చెప్తోంది, కానీ చాలా పాలసీల్లో ఆసుపత్రిలో చేరితేనే డబ్బు వస్తుంది.

మాత్రల గురించి రెండు మాటలు. డిప్రెషన్ మాత్రలు తలనొప్పి బిళ్లల్లా గంటలో పనిచేయవు, రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారం కడుపులో తిప్పినట్టు ఉండొచ్చు. అడగకుండా ఒక్కసారిగా మానేయొద్దు. మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్రకి ఆల్ప్రజోలం కొని నెలల తరబడి వేసుకోవడం మాత్రం చాలా ప్రమాదం, అలవాటైపోతుంది, మానడం కష్టమవుతుంది. డాక్టరే రాసినా "ఇది ఎన్నాళ్లు, ఎలా తగ్గిస్తారు" అని అడగండి.

తొమ్మిదో అడుగు: మూడు నాలుగు సార్లయ్యాక ఆగి చూడండి

మొదటి సెషన్ తర్వాత కొందరికి తేలిక అనిపిస్తుంది, కొందరికి పాత పుండు కెలికినట్టు బరువు పెరుగుతుంది, రెండూ మామూలే. మూడు నాలుగు సార్లు వెళ్లాక చూసుకోండి: ఈ మనిషికి నా కష్టం అర్థమైందా? మేమిద్దరం ఏం సాధించాలనుకుంటున్నామో నాకు తెలుసా? ఇంటి దగ్గర చేయాల్సిన పని ఏమైనా ఇస్తున్నారా? ఓసీడీలో పదే పదే చేతులు కడుక్కునే మనిషికి మంచి థెరపిస్ట్ మెల్లమెల్లగా మురికి తాకించి, కడుక్కోకుండా ఆగడం నేర్పిస్తారు. అది కష్టంగా ఉంటుంది, కష్టంగా ఉంది కాబట్టి చెడ్డ థెరపీ అనుకోవద్దు. ప్రతిసారీ ఊరికే కబుర్లు చెప్పుకుని వచ్చేస్తున్నా, కౌన్సిలరే తన ఇంటి గొడవలు చెప్తున్నా అది మాత్రం పనికిరాదు.

నచ్చకపోతే ముందు వాళ్లకే చెప్పండి. "ఇది నాకు ఉపయోగపడుతున్నట్టు లేదు, వేరేగా ఏమైనా చేద్దామా?" మంచివాళ్లు విని దారి మారుస్తారు, లేదంటే ఇంకొకరి పేరు చెప్తారు. కోప్పడితే మానేయండి. ముట్టుకోవడం, రాత్రిపూట పర్సనల్ మెసేజ్‌లు, బయట కలుద్దాం అనడం, అప్పు అడగడం, వాళ్ల చీటీలోనో స్కీములోనో చేరమనడం, ఇవి జరిగితే మాత్రం చెప్పి చూడాల్సిన పనిలేదు, ఆ రోజే ఆఖరు.

మారేటప్పుడు, మానేసేటప్పుడు

మారేటప్పుడు మీ రికార్డులు అడిగి తీసుకోండి. అవి చూసే హక్కు మీకుందని అదే 2017 చట్టం 25వ సెక్షన్‌లో ఉంది. జబ్బు పేరు, వాడిన మందులు, ఎన్ని సెషన్లు, ఏ పద్ధతి, ఇవి ఉన్న ఒక్క పేజీ ఉన్నా కొత్తవాళ్ల దగ్గర కథ మొదట్నుంచి చెప్పే బాధ తప్పుతుంది. బాగుపడి మానేస్తుంటే గబుక్కున ఆపేయకుండా వారం నుంచి పదిహేను రోజులకి, తర్వాత నెలకి అని ఎడం పెంచమనండి. మళ్లీ వస్తే మొదట కనిపించే గుర్తులేమిటో ఆఖరి సెషన్‌లో రాయించుకోండి. కొందరికి నిద్ర తగ్గడం, కొందరికి ఫోన్లు ఎత్తడం మానేయడం, కొందరికి స్నానం వాయిదా వేయడం. ఆ కాగితం ఇంట్లో నమ్మకమైన ఒక మనిషికి చూపించండి.

ఎవరైనా మోసం చేసినా, తప్పుగా ప్రవర్తించినా ఫిర్యాదుకి చోటుంది. డాక్టరు అయితే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ. రిజిస్ట్రేషన్ లేని కౌన్సిలర్ డబ్బు తీసుకుని మోసం చేస్తే జిల్లా వినియోగదారుల కమిషన్, ఒంటి మీద చేయి వేస్తే పోలీసులు. రసీదులు, మెసేజ్‌లు, చీటీలు పారేయకుండా ఒక కవరులో దాచుకోండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.